మరణశాసనమున ధర్మదానము
(సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో ఏటేట విద్యను గూర్చియు, సంఘాభివృద్ధిని గూర్చియు పెద్దలు ప్రసంగించుచున్నారు. ఈ యేడు మాకు మాటలాడ నవకాశమిచ్చిన కార్యనిర్వాహకవర్గమువారికి కృతజ్ఞులము. మేము ఎన్నుకొన్న విషయము మరణశాసనము. లోకవ్యవహారమున వీలునామా యని పిలువబడు పత్రము. అందును, ఆ పత్రము మూలమున విద్యకును, వైద్యమునకును, అన్నమునకును మనము విడిచిపోదగిన దానమును గూర్చి నాలుగు మాటలు విన్నవింతుము. పదుగురు సంతోషముగా కలిసికొన్నచోట చావుమాట యేల యని కొందఱికి తోచవచ్చును. పొరుగూరి ప్రయాణమునకు పంచాంగము చూచి మూట కట్టుకొనువారము, తప్పని ప్రయాణమునకు మాత్రము మూట కట్టుకొనుట అమంగళమందుము. ఈ వెఱపు వలన కలుగు నష్టమెంతయో చెప్పుటకే ఈ ప్రసంగము.

మన వసతిగృహపు గోడమీద దాతల పేర్లు చెక్కిన పాలఱాతి ఫలకమున్నది. ఆ ఫలకము మీద లేని పేర్లు కొన్ని మా చెవులలో ఉన్నవి. “నా తరువాత ఈ యిల్లు పిల్లల చదువునకే” యని పదిమందిలో అన్నవారు, “ఆ రెండెకరములు సంఘమునకే” యని గుడిమెట్లమీద కూర్చుండి చెప్పినవారు ఎందఱో కలరు. వారు అసత్యమాడలేదు. వారి మనస్సు నిజము, మాట నిజము. కాగితము మాత్రము లేదు. మాట చెప్పినవానితోనే పోయెను. ప్రతి యాషాఢమాసమునను చోటు లేక మనము త్రిప్పిపంపెడి విద్యార్థులలో కొందఱు, ఆ వ్రాయని యిండ్లలో ఉండవలసినవారే.

మా తోడి యుపాధ్యాయు లొకరుండిరి. సంతానము లేదు, భార్య ముందే గతించినది. తన యింటిని పేద విద్యార్థులకు విడిచిపోదునని పలుమార్లు చెప్పిరి. వ్రాయలేదు. వారు గతించిన పిమ్మట 1956 సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఆ యిల్లు సోదరుల కుమారులకు చెందినది. ఆ కుమారులు చేసిన తప్పేమియు లేదు. శాసనకర్త మౌనము వహించినచోట చట్టము మాటలాడును. చట్టమునకు బంధుత్వము తెలియును గాని మనస్సు తెలియదు.

స్త్రీల విషయమున ఇది మఱింత ముఖ్యము. సంతానము లేని విధవ మరణశాసనము వ్రాయక గతించినయెడల, ఆమె స్వయముగా ఆర్జించుకొన్న యాస్తి సయితము మొదట భర్త వారసులకు పోవును. ఆమె పుట్టింటివారికి గాని, ఆమె ప్రేమించిన ధర్మకార్యమునకు గాని పోదు. తలిదండ్రులనుండి వారసత్వముగా వచ్చినది మాత్రము తండ్రి వారసులకు మఱలును. ఉద్యోగము చేసి యిల్లు కట్టుకొన్న మన యాడపడుచులు ఈ సంగతి తప్పక తెలిసికొనవలెను.

ఇక శాస్త్రవిషయము. దానమనగా తన స్వత్వమును వదలుకొని పరునకు స్వత్వమును కలిగించుట యని మనవారు నిర్వచించిరి. కావున కొందఱు పండితులు, “చచ్చినవాడు వదలుకొనుటయేమి? మృత్యువే వానిచేత వదలించినది గదా! ఇది దానమెట్లగును?” అని ఆక్షేపింతురు. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. జీవించియుండగా ఇచ్చినదే ఉత్తమదానమని మేమును ఒప్పుకొందుము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు జీవించియుండగనే తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు ఒప్పగించిరి. అట్టివారికి నమస్కారము. కాని మనలో అనేకులకు ఉన్నది ఒక్క యిల్లు, కొలదిపాటి నిలువ. వృద్ధాప్యమున ఔషధమునకెంత కావలయునో, ఎన్నాళ్లు బ్రతుకుదుమో ఎవ్వరికి తెలియును? ఆ యింటిని నేడే ఇచ్చివేసినచో రేపు మనమే యొకరి వాకిట నిలువవలసి వచ్చును. అట్టి మధ్యతరగతి గృహస్థునకు మరణశాసనమే దానమునకు ద్వారము. బ్రతికినంతకాలము ఆస్తి తనది; ఎప్పుడైనను మార్చుకొనవచ్చును, రద్దు చేసికొనవచ్చును. ఇచ్చుటకు సంకల్పము మాత్రము నేడే, స్వస్థచిత్తముతో చేసినది. ఆ సంకల్పమునందే దానగుణమున్నదని మా యభిప్రాయము.

నేటి యర్థమున మరణశాసన మనునది మన ప్రాచీన ధర్మశాస్త్రములలో లేదు. కాని తాను పోయిన పిమ్మట కూడ సాగవలసిన ధర్మమును గూర్చి మన పూర్వులు బాగుగా ఆలోచించిరి. యజ్ఞాదులకు ఇష్టమనియు, బావి, చెఱువు, తోట, అన్నసత్రము మొదలగువానికి పూర్తమనియు పేరు పెట్టిరి. పూర్తమనునది కర్తకంటె ఎక్కువకాలము బ్రతుకవలసిన ధర్మము. అట్లు బ్రతుకుటకు వారు చేసిన యేర్పాటు చూడుడు. గోదావరీతీరమున ద్రాక్షారామ భీమేశ్వరాలయపు శిలాశాసనములలో అఖండదీపమునకు చేసిన దానములు అనేకములు కలవు. దాత యెవరో, ఎన్ని గొఱ్ఱెలనో గోవులనో ఇచ్చెనో, వానిని కాపాడుటకు పుచ్చుకొన్న బోయ పేరేమో, అతడు నిత్యము కొలిచి పోయవలసిన నేయి యెంతయో, ఆ ధర్మము ఆచంద్రార్కము సాగవలెననియు అందు వ్రాయబడి యుండును. దానవస్తువు, పరిమాణము, బాధ్యుడు, ప్రయోజనము, కాలము: ఈ యైదును ఱాతిమీద ఎక్కినవి. “దేవునికేదైనను చేయుడు” అని వ్రాసి ఊరకుండలేదు.

ఇట్లు చెప్పుటకు కారణమున్నది. బొంబాయి రాజధానిలో ఒక గృహస్థుడు తన మరణశాసనమున మిగిలిన యాస్తిని ధర్మమునకు వినియోగింపవలసినదని వ్రాసెను. వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వఱకు పోయెను. రణఛోడదాసు, పార్వతీబాయిల వ్యాజ్యముగా ప్రసిద్ధమైన ఆ యభియోగమున 1899లో తీర్పు వెలువడెను. ధర్మమను పదము మిక్కిలి విశాలము, అనిశ్చితము. దానిని బట్టి న్యాయస్థానము ఏమి చేయింపవలయునో నిర్ణయింపజాలదు. కావున ఆ దానము చెల్లదు అని దాని తాత్పర్యము. ధర్మశబ్దమును చదువుటలోను, చదువుచెప్పుటలోను ఆయుర్దాయము గడపిన మాబోటివారికి ఈ తీర్పు మొదట కష్టము కలిగించును. ఆలోచించిన కొలదియు అందలి న్యాయము తెలియును. మనకు అన్నిటికంటె ప్రియమైన పదమే న్యాయస్థానమున నిలువలేకపోయినది. ఏల యనగా దానిని పలికినవాడు ఆ పదమునకు తన మనస్సులోనున్న యర్థమును విప్పి చెప్పలేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టమునందును, ఉద్దేశము నిశ్చయముగా తెలియని మరణశాసనపు వ్రాత చెల్లదని స్పష్టముగా ఉన్నది. కావున “ధర్మమునకు”, “పుణ్యకార్యములకు” అని వ్రాసిన చాలదు. ఏ ధర్మమో, ఎవరిచేత జరుగవలసినదో చెప్పవలెను.

వ్రాతకుగల బలమునకు చెన్నపట్టణపు ఉదాహరణమొకటి. ఆ పట్టణము తెలుగువారికిని చిరకాలము విద్యాకేంద్రమై యుండెను. అచ్చటి వర్తకులు పచ్చయప్ప మొదలియారుగారు 1794లో మరణించిరి. మరణమునకు ముందు తమ ధనమును దేవతాకైంకర్యములకును ధర్మములకును వినియోగింపవలెనని శాసనము వ్రాసిరి. వారి యనంతరము ధనము వివాదములలో చిక్కుకొని, అర్ధశతాబ్ది కాలము నలిగినది. తుదకు న్యాయస్థానము కల్పించుకొనగా, 1842లో ఆ ధనముతో పాఠశాల వెలసినది. 1889లో కళాశాల యైనది. ఇందు రెండు పాఠములు కలవు. నమ్మకమైన నిర్వాహకులు లేనిచో ఎంత ధనమైనను నలుబదియెనిమిదేండ్లు నిద్రించును. వ్రాత యున్నచో అంత కాలమునకైనను మేల్కొనును. ఆ శాసనమే లేకున్నచో ఆ ధనమును ఎవ్వరు అడుగగలిగియుందురు?

మన కాకినాడనే చూడుడు. కోరంగి ప్రాంతమువారై రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు, ఇరువదవ శతాబ్ది ప్రారంభమున, తమ యాస్తిని మరణశాసనము ద్వారా ధర్మకార్యములకు విడిచిరి. వారి పేరిటి ధర్మసంస్థ జగన్నాథపురమున వెలసి, విద్యాలయములుగా విస్తరించినది. వారిని చూచినవారు నేడు లేరు. వారి ధనముతో చదువుకొన్నవారు మాత్రము తరతరములుగా ఉన్నారు.

దూరదేశపు ఉదాహరణము కూడ ఒకటి చెప్పెదము. ఆల్‌ఫ్రెడ్ నోబెలు 1895 నవంబరులో మరణశాసనము వ్రాసి, 1896 డిసెంబరులో మరణించెను. బహుమానములను నిర్ణయింపవలసిన సంస్థలను అందు పేర్కొనెను గాని, వారిని ముందుగా అడుగలేదు. బంధువులు అడ్డుపడిరి; సంస్థలు సందేహించినవి. మొదటి బహుమానములు 1901లో గాని ఇయ్యబడలేదు. ఇచ్చువాడు ముందుగా పుచ్చుకొనువానితో ఒక్కమాట చెప్పుట యెంత యవసరమో ఇందువలన తెలియుచున్నది.

ఇక మరణశాసనమును వ్రాయు విధానము. ఇది మీరు భయపడునంత కష్టమైనది కాదు. పదునెనిమిదేండ్లు నిండి స్వస్థచిత్తముగల యెవ్వరైనను వ్రాయవచ్చును. ముద్రకాగితము అక్కఱలేదు, తెల్లకాగితము చాలును. భాష మనకు వచ్చిన తెలుగే చాలును. శాసనకర్త చేవ్రాలు గాని వ్రేలిముద్ర గాని ఉండవలెను. ఇద్దఱు సాక్షులు కావలెను. ఆ సాక్షులిద్దఱును శాసనకర్త చేవ్రాలు చేయుచుండగా చూచియుండవలెను, లేదా అది తన చేవ్రాలని అతడు చెప్పగా వినియుండవలెను. పిమ్మట అతని యెదుట తామును చేవ్రాలు చేయవలెను. ఆస్తిని పొందువారిని సాక్షులుగా పెట్టుకొనకుండుట వివేకము. వివాదము వచ్చినప్పుడు వారి సాక్ష్యము సందేహాస్పదమగును. సాక్షులు మనకంటె చిన్నవారైన మంచిది. ఎనుబదేండ్ల మిత్రునిచేత చేవ్రాలు చేయించుకొన్నచో, అవసరమైననాడు ఆయన సయితము ఉండకపోవచ్చును గదా!

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కాని చేయించుట మేలు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమునందు మఱియొక సౌకర్యము కలదు. మరణశాసనమును కవరులో పెట్టి, ముద్రవైచి, జిల్లా రిజిస్ట్రారు కార్యాలయమున దాచియుంచవచ్చును. బీరువాలోని పత్రము చెదలకు గాని, ఒకరి కోపమునకు గాని బలియగును. అచ్చటి పత్రమునకు ఆ భయము లేదు. ఒకప్పుడు 1953 చట్టము ప్రకారము మృతుల యాస్తిమీద పన్ను ఉండెడిది. అది 1985లో ఎత్తివేయబడినది. కావున ఆ పన్నునకు వెఱచి వ్రాయకుండుటకు కారణము లేదు.

ఏది ఇయ్యవచ్చును, ఏది ఇయ్యరాదు అను వివేచన ముఖ్యము. స్వార్జితమును ఇచ్ఛానుసారముగా వ్రాయవచ్చును. ఉమ్మడి కుటుంబాస్తిలో తన భాగమును మాత్రము 1956 చట్టము 30వ సెక్షను ప్రకారము వ్రాయవచ్చును. ఇతరుల భాగమును వ్రాయజాలము. ఆంధ్రప్రదేశమున 1986లో పెండ్లికాని కుమార్తెలకును, దేశమంతట 2005లో కుమార్తెలందఱికిని ఉమ్మడి యాస్తిలో కుమారులతో సమానమైన హక్కు వచ్చినది. కూతురి భాగమును కలుపుకొని దానము చేసి ఫలకము మీద పేరు చెక్కించుకొనుట దానము కాదు, పరస్వాపహరణము. ప్రభుత్వము షరతులతో ఇచ్చిన భూముల విషయమున ముందుగా న్యాయవాదిని అడుగవలెను. బ్యాంకులో నామినీ పేరు వ్రాసితిమి గదా, అదియే చాలునని తలంపరాదు. నామినీ సొమ్మును అందుకొనువాడే గాని దానికి స్వామి కాడని బ్యాంకు నిలువల విషయమున 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నిలువలో కొంత ధర్మమునకు పోవలెనన్నచో ఆ సంగతి మరణశాసనమున ఉండవలెను.

వ్రాయునప్పుడు, ద్రాక్షారామపు దాతలవలె, అయిదు సంగతులు మఱవకుడు. మొదటిది వస్తువు: ఇల్లైనచో ఇంటి నంబరు, పొలమైనచో సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు. రెండవది గ్రహీత: సంఘమైనను, ట్రస్టు అయినను దాని పూర్తి పేరు, రిజిస్టరు నంబరు, ఆ సంస్థ అప్పటికి లేకున్నచో ఎవరికి చెందవలెనో అది కూడ. మూడవది ప్రయోజనము: మూలధనము నిలిపి వడ్డి మాత్రము వాడవలెనా, ఆస్తిని అమ్మి భవనము కట్టవచ్చునా యనుట. నాలుగవది నిర్వాహకుడు: శాసనమును అమలుపఱచువాని పేరు, అతడు లేకున్నచో మఱియొకని పేరు, వారి యంగీకారము ముందే పొందవలెను. అయిదవది కాలము: భార్యయో భర్తయో జీవించియున్నంతవఱకు ఆ యింటనే ఉండి, తరువాతనే అది ధర్మమునకు చెందవలెనని వ్రాయవచ్చును. ఈ చివరి మాట పెక్కు కుటుంబములకు ధైర్యము కలిగించును.

జీవించియుండగనే ఇయ్యదలచినవారికి దానదస్తావేజు మార్గము కలదు. స్థిరాస్తియైనచో దానిని తప్పక రిజిస్టరు చేయవలెను; దాత బ్రతికియుండగనే గ్రహీత అంగీకరింపవలెను. తాను జీవించినంతకాలము అనుభవించు హక్కును నిలుపుకొని కూడ ఇయ్యవచ్చును. కాని మరణశాసనమువలె దానిని మనస్సు మాఱినప్పుడెల్ల రద్దు చేయుటకు వీలులేదు. ఈ భేదము తెలిసి చేయుడు.

ఇంటివారి మాట. ధర్మదానము పిల్లలమీది కోపమునకు ఆయుధము కారాదు. కొడుకు మాట వినలేదని ఆస్తియంతయు సంఘమునకు వ్రాసినచో, ఆ పత్రము కోపము చల్లాఱకమునుపే న్యాయస్థానమెక్కును. సంఘమునకు మిగులునది వ్యాజ్యము. మొదట కుటుంబమునకు న్యాయము, పిమ్మట దానము. పిల్లలను కూర్చుండబెట్టి చెప్పుడు. “ఇది మీది, ఇది ధర్మమునది” అని తండ్రినోట విన్న బిడ్డలు తఱచుగా ఆ ధర్మమునకు కాపలాదారులగుదురు. సర్వస్వము ఇయ్యనక్కఱలేదు. పదియవ వంతు, ఒక యెకరము, ఒక నిలువ, ఒక గ్రంథముల బీరువా చాలును. చిన్న దానము నెఱవేఱుట, పెద్ద దానము వాదములలో మునుగుటకంటె మేలు.

ఇప్పుడు మన సంఘమును గూర్చి. దానము కోరువారికి లెక్కలు చూపు బాధ్యత యున్నది. ప్రజాధర్మములు దారితప్పినచో, వానియందు ఆసక్తిగల ఇద్దఱు, న్యాయస్థానపు అనుమతితో వ్యాజ్యము వేయవచ్చునని 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 92వ సెక్షను చెప్పుచున్నది. అంతవఱకు రానీయక, తనిఖీ అయిన లెక్కలను ఏటేట ఈ సంచికలోనే ముద్రింపవలెనని మా ప్రార్థన. ఏ దాత ధనము దేనికి వినియోగమైనదో వరుసగా కనబడవలెను. లెక్కలులేని చోటికి మరణశాసనము రాదు. వచ్చుట న్యాయమును కాదు.

ఈ సభలో చెప్పుటకు కొంచెము కష్టమైన మాట యొకటి మిగిలినది. మన దానములు మన కులపు పిల్లలకే పరిమితము కావలెనా? మన పెద్దలు వసతిగృహము నెలకొల్పిననాడు మన పిల్లలకు పట్టణమున నిలువ నీడ లేదు. నాటి పరిమితికి నాటి కారణమున్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము, దాని తరువాత ఏర్పడి ఒక్క కులముయొక్క ప్రయోజనమునకే పరిమితమైన ధర్మసంస్థలకు పన్ను రాయితీని నిరాకరించినది; షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతుల విషయమున మాత్రము మినహాయింపు నిచ్చినది. పన్నుమాట అటుండనిండు. పూర్తధర్మపు స్వభావమును చూడుడు. చెఱువు త్రవ్వించినవాడు నీళ్లు త్రాగ వచ్చినవాని గోత్రమడుగడు. ఇకమీదట వ్రాయబడు శాసనములలో కొంత భాగమైనను “కులభేదము లేక పేద విద్యార్థులకు” అని ఉండుట మన సంఘమునకు గౌరవము. మన పేరు మోయు గృహమున పరుల పిల్లవాడు చదువుకొన్నచో ఆ పేరు తఱుగదు, పెరుగును.

మా మనవి మూడు మాటలు. అఱువది దాటిన ప్రతి సభ్యుడును, సభ్యురాలును వచ్చే మహాసభ లోపుగా మరణశాసనము వ్రాసికొనవలెను. అందు ధర్మమునకు భాగమున్నను లేకున్నను వ్రాయుట మాత్రము మానరాదు. సంఘమువారు ఏటికి రెండుమార్లు న్యాయవాదిని పిలిపించి, రుసుము లేకుండ సలహా నిప్పింపవలెను. దానము వ్రాసినవారు బ్రతికియుండగా వారి పేరు ప్రకటింపవలయునా, వలదా యనుటను వారి యిష్టమునకే విడువవలెను.

మంచిమాట చెప్పి పోయినవారు మనలో చాలమంది కలరు. చెప్పిన మాటను వ్రాసి పోవుట మన తరమువారి విధి. రేపు ఏ యూరినుండియో ట్రంకుపెట్టె మోసికొనివచ్చి మన వాకిట నిలుచు పిల్లవానికి మన మనస్సులోని మాట వినబడదు. మన చేవ్రాలు మాత్రమే తలుపు తెఱచును.

 ఇతి శమ్.